చేతి మీద వరుసగా లేచిన గడ్డలు: టీబీ మందులు మొదలుపెట్టే ముందు ముక్క పరీక్ష మళ్ళీ చేయించండి

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ముందు చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారికి 58 ఏళ్ళు, షుగర్ ఉంది, శంషాబాద్ వైపు నర్సరీ నడుపుతారు. మూడు నెలల కింద కుడిచేతి చూపుడు వేలికి గులాబీ ముల్లు గుచ్చుకుంది. కొన్ని వారాలకి అక్కడ ఎర్రటి గడ్డ లేచి, పగిలి, పుండయింది. ఆ తర్వాత మణికట్టు దగ్గర ఒకటి, ముంజేతి మీద రెండు, ఒకే వరుసలో లేచాయి. జ్వరం లేదు, నొప్పి పెద్దగా లేదు. రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. ముక్క పరీక్షలో (బయాప్సీలో) ‘గ్రాన్యులోమా’ అని వచ్చింది, టీబీ క్రిములు కనపడలేదు, మాంటూ పరీక్ష (టీబీ కోసం చర్మంలోకి సూది వేసి చూసేది) పాజిటివ్. దాంతో ఆరు నెలలు టీబీ మందులు వాడమన్నారు, ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. ఇంట్లో అమ్మగారికీ తమ్ముడికీ ఎనిమిది నెలలుగా తామర ఉంది కాబట్టి రెండూ ఒకటేనేమో అని మీ అనుమానం.

ఒకటి కాదు. తామర చర్మం పైపొరలోనే ఉంటుంది, అది గడ్డలుగా చెయ్యి పైకి ఎక్కదు. నాన్నగారిది చర్మం లోపలి పొరల్లో, లింఫు నాళాల వెంట పాకుతున్న వేరే జబ్బు. రెండింటికీ విడివిడిగా రాస్తాను.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని, హైదరాబాద్‌లోనే చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. చెయ్యి పట్టుకుని చూడకుండా రోగం పేరు ఖాయం చేయలేను. కానీ మా ఇంట్లో పెద్దాయనకి ఇలా వస్తే ఏం చేస్తానో చెప్పగలను: ఈ వారం టీబీ మందులూ మొదలుపెట్టను, ఫంగస్ మందులూ మొదలుపెట్టను. ముక్క పరీక్ష మళ్ళీ చేయించి, ఈసారి సరైన సీసాలో, సరైన ల్యాబ్‌కి పంపుతాను. ఇది నిదానంగా నడిచే జబ్బు. మూడు నాలుగు వారాలు ఆగితే మామూలుగా కొంప మునిగేది ఏమీ ఉండదు. తొందరపడి మందు వేస్తే మాత్రం అసలు జబ్బు ఏమిటో ఎప్పటికీ తెలియకుండా పోవచ్చు.

టీబీ అని అనుమానించిన డాక్టరు గారిని తప్పుపట్టడం లేదు. మన దేశంలో గ్రాన్యులోమా అని రిపోర్టు వస్తే టీబీని అనుమానించాల్సిందే. అయితే గ్రాన్యులోమా అనేది జబ్బు పేరు కాదు. శరీరం తేలిగ్గా వదిలించుకోలేని క్రిమినో వస్తువునో రక్షణ కణాలు గుంపుగా చుట్టుముట్టాయని మాత్రమే ఆ మాటకి అర్థం. లోపల ఉన్నది టీబీ కావచ్చు, ఫంగస్ కావచ్చు, కుష్టు కావచ్చు, విరిగి లోపలే ఉండిపోయిన ముల్లు ముక్క కూడా కావచ్చు. మాంటూ సంగతీ అంతే. మన దగ్గర చాలామంది పెద్దవాళ్ళకి ఏ జబ్బూ లేకపోయినా అది పాజిటివ్ వస్తుంది. ఎప్పుడో టీబీ క్రిమి శరీరానికి పరిచయమైందని అది చెప్తుంది, ఈ గడ్డలు టీబీ వల్లే వచ్చాయని చెప్పదు.

ముల్లు గుచ్చుకోవడం, కొన్ని వారాల తర్వాత పుండు, అక్కడి నుంచి గుండె వైపుగా ఒకే వరుసలో గడ్డలు, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగకపోవడం. ఈ నాలుగూ కలిస్తే చర్మవ్యాధుల డాక్టర్ల మనసులో మొదట మెదిలే పేరు స్పోరోట్రైకోసిస్. స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, నాచులో, పాత కర్రల్లో బతుకుతుంది. ముల్లో పుల్లో గుచ్చుకున్నప్పుడు చర్మంలోకి దిగుతుంది. దీన్ని మొదట 1898లో అమెరికాలో షెంక్ అనే వైద్యుడు వర్ణించాడు. 1940లలో దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో, సొరంగాలకి దన్నుగా పెట్టిన దుంగల మీద ఇది పెరిగి, దాదాపు 3,000 మంది కార్మికులకి సోకింది. 1988లో అమెరికాలో మొక్కలు ప్యాక్ చేసే నాచు ద్వారా 80 మందికి పైగా వచ్చింది. నాన్నగారి నర్సరీలో మొక్కల వేళ్ళకి చుట్టి వచ్చే ఆ ఎండు నాచు గురించి నాకు అందుకే పట్టింపు. మన దేశంలో ఈ జబ్బు హిమాలయాల దిగువ ప్రాంతాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. హైదరాబాద్‌లో అరుదు కాబట్టి చాలామందికి తట్టదు. కానీ నర్సరీకి మొక్కలు, మట్టి, నాచు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి కదా.

అలాగని అదేనని ఖాయం చేసుకోవద్దు. ఇదే రూపంలో వచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. నాన్నగారు ఇంట్లో గానీ నర్సరీలో గానీ చేపల తొట్టె కడుగుతారా? మైకోబాక్టీరియమ్ మారినమ్ అని టీబీకి దూరపు చుట్టం ఒకటి ఉంది, అది చేపల నీళ్ళలో ఉంటుంది, అచ్చం ఇలాగే చేతి మీద వరుసగా గడ్డలు లేపుతుంది. మట్టిలో ఉండే నొకార్డియా అనే బాక్టీరియా కూడా ఇలా చేయగలదు. ఈ ఏడాది రెండేళ్ళలో రాజస్థాన్‌లో బికనీర్ వైపు వెళ్ళొచ్చారా అని కూడా అడగండి. అక్కడ ఇసుక ఈగ కాటుతో వచ్చే చర్మపు లీష్మేనియా అనే జబ్బు ఉంది. చర్మపు టీబీ కూడా అప్పుడప్పుడూ ఇలా పాకుతుంది, అందుకే దాన్ని జాబితాలోంచి తీసేయడం లేదు. కంటికి ఇవన్నీ ఒకేలా ఉంటాయి. మైక్రోస్కోపు కింద కూడా చాలావరకు ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం దేనికదే.

మొదటి ముక్క పరీక్ష ఎందుకు సగంలో ఆగిపోయిందో చెప్తాను, ఎందుకంటే ఇది నేను మళ్ళీ మళ్ళీ చూసే సంగతి, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ముక్క తీస్తారు, మొత్తం తీసుకెళ్ళి ఫార్మలిన్ (ముక్క కుళ్ళకుండా ఉంచే రసాయనం) సీసాలో వేస్తారు. ఫార్మలిన్‌లో పడిందంటే అందులో ఉన్న క్రిమి ఏదైనా చచ్చిపోతుంది. పెథాలజీ డాక్టరు కణాలు ఎలా ఉన్నాయో చూసి గ్రాన్యులోమా అని రాయగలరు, అంతవరకే. క్రిమిని పెంచి చూసే అవకాశం ఆ నిమిషంలోనే పోయింది. స్పోరోథ్రిక్స్ అయితే మన కణజాలంలో మరీ తక్కువ సంఖ్యలో ఉంటుంది, ప్రత్యేకమైన రంగులు వేసి వెతికినా చాలాసార్లు కనపడదు. దాన్ని పట్టించేది కల్చరే, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటమే.

అందుకని ఈసారి ముక్క తీసే ముందే డాక్టరు గారితో మాట్లాడండి. పాత పుండు మధ్యలోంచి కాకుండా, కొత్తగా లేచిన గడ్డ నుంచి గానీ పుండు అంచు నుంచి గానీ కొంచెం లోతుగా తీయమనండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి తీస్తారు, ఒకటి రెండు కుట్లు పడతాయి. ఆ ముక్కని రెండు చేయాలి. ఒక సగం ఫార్మలిన్‌లో పెథాలజీకి, ఇంకో సగం శుభ్రమైన సెలైన్ సీసాలో మైక్రోబయాలజీకి, అదే రోజు, ఆరిపోకుండా. చీటీ మీద వట్టి ‘కల్చర్’ అని రాస్తే మామూలు బాక్టీరియా కోసం రెండు రోజులు చూసి పారేస్తారు. ఫంగల్ కల్చర్ నాలుగు వారాలు, ఏఎఫ్‌బీ కల్చర్ (టీబీ, దాని చుట్టాల కోసం చేసేది), నొకార్డియా కోసం కూడా చూడాలి అని స్పష్టంగా రాయించండి. ఇంకో ముఖ్యమైన మాట: చేపల తొట్టె క్రిమి 37 డిగ్రీల దగ్గర సరిగా పెరగదు, దానికి 30 నుంచి 32 డిగ్రీలు కావాలి. ల్యాబ్ వాళ్ళకి చెప్పకపోతే 37 దగ్గర పెట్టి ‘ఏమీ పెరగలేదు’ అని రిపోర్టు ఇస్తారు. వాళ్ళ తప్పు కాదు, మనం చెప్పలేదు. అందుకే చీటీలో ముల్లు, నర్సరీ, షుగర్, చేపల తొట్టె ఉంటే అదీ, అన్నీ రాయాలి.

స్పోరోథ్రిక్స్ పెరిగితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పెట్టిన ట్యూబులో మొదట మీగడ రంగులో, తడిగా, ముడతలతో కనపడుతుంది. రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగుకి, ఆ పైన నలుపుకి తిరుగుతుంది. మైక్రోస్కోపు కింద సన్నటి పోగు చివర రేకులు విచ్చినట్టు బీజాలు గుత్తిగా నిలబడి ఉంటాయి. అదే ఫంగస్‌ని 37 డిగ్రీల దగ్గర పెంచితే పోగులు మానేసి ఈస్ట్ కణాలుగా మారిపోతుంది. ఆ మార్పు కూడా చూశాక ల్యాబ్ వాళ్ళు పేరు ఖాయం చేస్తారు. చాలావరకు ఒకటి రెండు వారాల్లో తేలుతుంది, అయినా నాలుగు వారాలు ఆగాకే లేదని చెప్పాలి.

ఎక్కడ చేయించాలంటే, మైక్రోబయాలజీ విభాగం సొంతంగా ఉన్న పెద్దాసుపత్రి అయితే మంచిది. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ లాంటి చోట్ల అడగండి, చర్మవ్యాధులూ మైక్రోబయాలజీ ఒకే ప్రాంగణంలో ఉంటే ముక్క ఊరంతా తిరగాల్సిన పని ఉండదు. ఓపీకి పొద్దున్నే వెళ్ళండి. మొదటి ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో ఆ ముక్కని పొదిగి ఉంచిన మైనపు బ్లాక్ భద్రంగా ఉంటుంది, దాన్నీ స్లైడ్లనీ అడిగి తెచ్చుకోండి. దాని మీద పీఏఎస్, జీఎంఎస్ అనే ఫంగస్ రంగులు ఇప్పుడైనా వేసి చూడొచ్చు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) కూడా చేయించండి. హెచ్ఐవీ అనగానే టెన్షన్ పడకండి, లోతైన ఇన్ఫెక్షన్ ఏదైనా ఇది అందరికీ చేసే పరీక్షే.

ఇక ‘టీబీ మందులు వేసి చూద్దాం, తగ్గితే టీబీయే’ అనే పద్ధతి గురించి. నేను దీన్ని గట్టిగా వద్దంటాను, కారణాలున్నాయి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది టీబీ మీదే కాదు, చేపల తొట్టె క్రిమి మీద, కుష్టు మీద, మామూలు చీము క్రిముల మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి కొంచెం తగ్గినంత మాత్రాన టీబీ అని రుజువైనట్టు కాదు. ఆ సగం మెరుగుదల చూసి ఆరు నెలలు సాగదీస్తారు, అప్పుడు కల్చర్ చేసినా ఏమీ పెరగకపోవచ్చు. రెండోది, తగ్గక ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు కూడా కలిపారనుకోండి, రిఫాంపిసిన్ రక్తంలో దాని మోతాదుని బాగా పడగొట్టేస్తుంది. ఫంగస్ మందు మింగుతున్నట్టే ఉంటుంది, ఒంట్లో ఉండదు. అప్పుడు ఫంగస్ మందుకి కూడా తగ్గలేదు అనే తప్పు నిర్ణయానికి వస్తారు. ఒకవేళ ఈ జవాబు చదివేసరికి ఆయన టీబీ మందులు మొదలుపెట్టేసి ఉంటే మాత్రం మీరే ఆపేయకండి. డాక్టరు గారికి ఈ విషయాలు చెప్పి, ఆయన నిర్ణయంతోనే ఏదైనా.

స్పోరోట్రైకోసిస్ అని తేలితే మందు ఇట్రాకొనజోల్, రోజుకి 200 మి.గ్రా. గడ్డలన్నీ మానిన తర్వాత కూడా ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి, మొత్తం మీద మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నాన్నగారి విషయంలో నేను జాగ్రత్త పడే చోటు ఇది. ఈ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. చాలామంది పెద్దవాళ్ళు పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు కదా, పాంటోప్రజోల్ లాంటిది, అది ఉంటే ఈ మందు సగం వృథా. కొలెస్టరాల్‌కి వాడే కొన్ని స్టాటిన్లతో, ముఖ్యంగా సిమ్వాస్టాటిన్‌తో కలిపి వాడకూడదు, కండరాలు దెబ్బతింటాయి. గుండె బలహీనంగా ఉందని ఎప్పుడైనా ఎకోలో (గుండె స్కాన్‌లో) చెప్పి ఉంటే ఈ మందు పనికిరాదు. కాళ్ళ వాపు, ఆయాసం వస్తే వెంటనే ఆపి చూపించాలి. లివర్ పరీక్ష మొదట్లో ఒకసారి, మధ్యమధ్యలో ఒకసారి. షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి మొదటి వారాల్లో షుగర్ తరచుగా చూసుకోవాలి, కొన్నింటితో కలిసినప్పుడు పడిపోవచ్చు. ఆయన వాడే మాత్రలన్నీ, రేపర్లతో సహా, ఒక కవర్లో వేసి డాక్టరు గారి ముందు పెట్టండి.

పొటాషియం అయోడైడ్ ద్రావణం అని వందేళ్ళకి పైగా వాడుతున్న చవకైన మందు ఇంకొకటి ఉంది. పూటకి ఐదు చుక్కలతో రోజుకి మూడుసార్లు మొదలుపెట్టి, పాలలోనో జ్యూస్‌లోనో కలిపి, మెల్లగా పెంచుకుంటూ పోతారు. నోట్లో లోహం రుచి, లాలాజలం ఊరడం, కడుపులో తిప్పడం ఉంటాయి, థైరాయిడ్ చూసుకోవాలి. ఇట్రాకొనజోల్ పడనివాళ్ళకి ఇప్పటికీ మంచి దారి. కల్చర్‌లో టీబీయే వస్తే మంచిదే, టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, నిశ్చింతగా కోర్సు పూర్తి చేయించండి.

ఇప్పుడు అమ్మగారూ తమ్ముడూ. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండు రోజుల్లో దురద పోతోంది, ఆపగానే రెట్టింపు వస్తోంది అన్నారు. ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసోల్, బెక్లోమెటసోన్, బెటామెథసోన్, ఈ మూడింట్లో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. అది దురదని అణిచిపెడుతుంది, చర్మం రక్షణని కూడా అణిచిపెడుతుంది, కింద ఫంగస్ హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి తామర తామరలా కనపడకుండా పోతుంది. తొడల సందుల్లో నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. స్టెరాయిడ్‌తో ఫంగస్ మందూ యాంటీబయాటిక్కూ కలిపేసిన ఇలాంటి కలగాపులగం మందుల్లో కొన్నింటిని 2018లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, అయినా ఏదో ఒక పేరుతో చేతికి దొరుకుతూనే ఉన్నాయి. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదు, మీరూ అడగకండి.

క్రీమ్ ఆపిన మొదటి వారం, పది రోజులు దురద ఎక్కువవుతుంది. అందరూ ఓడిపోయేది అక్కడే. ముందే తెలిస్తే తట్టుకుంటారు కాబట్టి చెప్తున్నాను, దురద మాత్రలు ఇస్తారు, ఓర్చుకోమనండి. నల్లజీడి రసం, వెల్లుల్లి రసం లాంటివి రాయనివ్వకండి, బొబ్బలెక్కి కాలిన పుండ్లతో వచ్చినవాళ్ళని చూస్తూనే ఉంటాం.

వాళ్ళకి చేయాల్సిన పరీక్ష చాలా చిన్నది. మచ్చ అంచు దగ్గర పొలుసుని మొండి బ్లేడుతో గీకి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు ఆగి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ పోగులు కనపడతాయి. ఫంగస్ మందు రాసుకుని వెళ్తే దొరక్కపోవచ్చు. ఇప్పుడు మన దగ్గర తిరుగుతున్న తామర పాత తామర కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన ఈ రకానికి తామరకి మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ అనే మందు చాలాసార్లు పనిచేయడం లేదు. ఆ మందు దెబ్బకొట్టే ఎంజైమ్ జన్యువులోనే మార్పు వచ్చేసింది. 2023లో న్యూయార్క్‌లో కూడా దీన్ని గుర్తించారు. కాబట్టి పక్కింటివాళ్ళకి రెండు వారాల్లో తగ్గిన మాత్ర వీళ్ళకి తగ్గించాలని లేదు. ఎక్కువమందికి ఇట్రాకొనజోల్ ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మచ్చ పోయిందని మధ్యలో ఆపకూడదు. ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి, నాన్నగారికీ మీకూ ఒంటి మీద ఎక్కడైనా ఉందేమో చూసుకోవాలి. టవళ్ళు వేరుగా ఉంచండి, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయండి. తమ్ముడికి మొలతాడు ఉంటే కొన్నాళ్ళు తీసేయమనండి. రోజూ తడిసి, ఆరక, నడుము చుట్టూ ఫంగస్‌ని అదే పట్టి ఉంచుతుంది, ఎంత మందు వాడినా అక్కడి నుంచి మళ్ళీ మొదలవుతుంది. సెంటిమెంటు ఉంటే తగ్గాక కొత్తది కట్టుకోవచ్చు.

నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ముఖం ఒక పక్క వాపు, కంటి చుట్టూ నొప్పి, ముక్కులోంచి నల్లటి స్రావం, లేదా ఒంటి మీద ఎక్కడైనా చర్మం గంటల్లో నల్లబడుతూ పాకడం ఉంటే కల్చర్ కోసం ఆగే పని లేదు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన బ్లాక్ ఫంగస్ అదే, షుగర్ అదుపులో లేనివాళ్ళనే అది ఎక్కువగా పట్టింది. ఇప్పుడున్న గడ్డలకీ దానికీ సంబంధం లేదు. అలాగే ఎవరికైనా పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూదితో తాకినా తెలియకపోతే అది తామర కాదు, కుష్టు కోసం చూపించాలి. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

నాన్నగారు ఇంట్లో అందరితో కలిసి తినొచ్చు, మనవల్ని ఎత్తుకోవచ్చు, ఇలాంటి గడ్డలు మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటుకోవు. పుండు మీద శుభ్రమైన గుడ్డ కట్టి ఉంచండి. రిపోర్టు వచ్చేదాకా గులాబీలు, నాచు, ఎరువు పనివాళ్ళకి వదిలేయమనండి, ఆ తర్వాత కూడా మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లోవ్స్ వేసుకునే ముట్టుకోవాలి, పనివాళ్ళు కూడా. ఇవాళ చెయ్యి ఫోటో ఒకటి, గడ్డల పక్కన స్కేలు పెట్టి, తేదీ వేసి తీసి ఉంచండి. వారానికొకటి అలా తీస్తే మందు మొదలుపెట్టాక తగ్గుతోందో లేదో డాక్టరు గారికి మాటల్లో చెప్పాల్సిన అవసరం ఉండదు.